క్లిప్పుల కింద పుచ్చిన పన్ను

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఇళ్ళలో యాంటీబయాటిక్ అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల లాంటివి రొయ్యలో దొరికితే విదేశాల నుంచి సరుకు వెనక్కొచ్చేస్తుందని మా బాబాయి ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటాడు. అదే మనిషికి పన్ను నొప్పి వస్తే మాత్రం మందుల షాపుకెళ్ళి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చేసుకోవడమే మా ఊళ్ళో వైద్యం!

నాకు పళ్ళకి క్లిప్పులు వేశాక కింది దవడ పన్ను ఒకటి పుచ్చింది. పంటికి అంటించే బ్రాకెట్ అనే చిన్న బిళ్ళ చుట్టూ, తీగ కింద బ్రష్ సరిగా ఆడదు కదా, పాచి అక్కడే పేరుకుంటుంది. అందులో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా మనం తిన్న పంచదారతోనే జిగురు చేసుకుని పన్నుని అంటిపెట్టుకుంటుంది, ఆ పంచదారనే ఆమ్లంగా మార్చి పంటి పైపొర ఎనామెల్‌ని కరిగిస్తుంది. ఇంట్లో కాజాలకీ పూతరేకులకీ కొదవ లేదు, ఇంక చెప్పేదేముంది.

నొప్పి మొదలవగానే ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఆ అమాక్సిసిలిన్ మాత్రలే ఇచ్చారు, తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అవే మాత్రలు, మళ్ళీ తగ్గింది, అలా కొన్నాళ్ళు నడిచాక ఓ రాత్రి చెంప బూరెలా పొంగిపోయి, నోరు తెరవలేక, జ్వరం కూడా వచ్చేసింది. మామ్మ లవంగ నూనె పెట్టబోతే దగ్గరికి రానివ్వలేదు.

తెల్లారాక భీమవరంలో పళ్ళ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఎక్స్‌రే చూసి, పన్నుకి రంధ్రం పెట్టి చీము తీసేశారు. ఆ కంపు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది, కానీ నొప్పి అక్కడికక్కడే సగం పోయింది. చీములో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో చూసే కల్చర్ పరీక్షకి పంపితే రిపోర్టులో అమాక్సిసిలిన్‌కి ఎదురుగా 'ఆర్' అని వచ్చింది, అంటే రెసిస్టెంట్, ఆ మందుకి లొంగదని. ఆ చీములో ఉన్న బ్యాక్టీరియా మందుని విరిచేసే ఎంజైమ్‌ని తయారుచేస్తోందట.

"మరి మొదట్లో తగ్గింది కదండీ?" అన్నాను.

"తగ్గింది నొప్పమ్మా, జబ్బు కాదు. పన్ను లోపల నరం చచ్చాక అక్కడికి రక్తం వెళ్ళదు. రక్తం వెళ్ళని చోటికి మాత్ర ఎలా వెళ్తుంది?" అన్నారు. జ్వరం, వాపు ఉన్నాయి కాబట్టి వేరే యాంటీబయాటిక్ రాశారు గానీ, అవి లేకపోతే చీము తీసి, పంటి లోపల శుభ్రం చేసి మూసే రూట్ కెనాల్ చేస్తే సరిపోయేదట.

రూట్ కెనాల్ అయ్యేదాకా జావ, పెరుగన్నం. వాపు పూర్తిగా దిగాక ఆ పంటికి బ్రాకెట్ మళ్ళీ అంటించారు.

మా బాబాయి ఇప్పుడు ఏ మాత్రల అట్ట చూసినా వెనక్కి తిప్పి ఎర్ర గీత వెతుకుతాడు. ఆ గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం చేసింది. "రొయ్యకి ల్యాబ్ టెస్టులు, మనకేమో షాపువాడి చెయ్యి" అని నవ్వుతాడు, అతని చెరువు మీద కూడా నాకు అనుమానమే అనుకోండి.

నేను మాత్రం తీగ కిందికి దూరే సన్న బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు వదలడం లేదు. ముందు పంటి మీద బ్రాకెట్ పక్కన ఎనామెల్ కరగడం మొదలై సున్నంలా తెల్లటి మచ్చ ఒకటి పడింది, క్లిప్పులు తీశాక చూద్దామన్నారు.