ఒక గ్రాము బొగ్గు

ఇంధన రసాయన శాస్త్రంలో నేను చేసిన పనికి మొన్న ఒక వృత్తి సంఘం వాళ్ళు సత్కారం చేశారు. దాని గురించి మన బడి సంచికకు రాయమని మిత్రులు అడిగారు. సత్కారం సంగతి చెప్పడానికి ఎంతో లేదు: శాలువా కప్పారు, ఫలకం ఇచ్చారు, నాకు చాలా సంతోషమైంది. అసలు ఆ పని ఏమిటో మన బడి పిల్లలకు చెప్పాలని మాత్రం ఎన్నాళ్ళ నుంచో ఉంది. సింగరేణి ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళం, బొగ్గు గురించి మనకే తెలియకపోతే ఎట్లా?

మా నాన్న బాయి పనికి, అంటే బొగ్గు గనిలో పనికి పోయేవాడు. సాయంత్రమైతే క్వార్టర్ల ముందర బొగ్గు పొయ్యిలు ముట్టించేవాళ్ళు. బజారంతా పసుపుపచ్చటి పొగ. ఆ పొగ పోయి నిప్పులు కణకణలాడాకే అమ్మ పొయ్యిని ఇంట్లోకి తెచ్చేది. తొమ్మిదో తరగతిలో సైన్సు సారు ఆ పొగనే పాఠం చేశారు. ఒక గట్టి పరీక్షనాళికలో బొగ్గుపొడి వేసి, మూతికి గాజుగొట్టం బిగించి, కింద బర్నరు పెట్టారు. కాసేపటికి గొట్టం చల్లగా ఉన్నచోట నల్లటి తారు చుక్కలు పట్టాయి. గొట్టం చివర అగ్గిపుల్ల చూపిస్తే మంట లేచింది. "మీ అమ్మల కళ్ళు మండించేది ఇదే. ఇది కూడా ఇంధనమే, గాలి పాలవుతోంది" అన్నారు సారు. నాళికలో మిగిలినదాన్ని పళ్ళెంలో పోసి కాలిస్తే పొగ రాలేదు. నేను రసాయన శాస్త్రం చదవాలనుకున్నది ఆ రోజే.

ఆ నాళికలో జరిగిన పనినే హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున చేశారని తర్వాత తెలిసింది. 1944లో నిజాం కాలంలో మొదలై, 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కిందికి వచ్చి, ఇప్పుడు ఐఐసీటీగా (భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా) పిలుస్తున్న ప్రయోగశాల అది. మన బొగ్గుతో ఉక్కు కర్మాగారాలకు కావలసిన కోక్, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమిలో వాడే గట్టి బొగ్గు, తయారు కాదు. బూడిద కూడా ఎక్కువే. అలాంటి బొగ్గును గాలి తగలకుండా 600, 700 డిగ్రీల దగ్గర వేడిచేసి, పొగరాని ఇంధనాన్నీ తారునూ గ్యాసునూ విడదీయడం మీద అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు. మన ఇళ్ళలోని పొగ గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన వాళ్ళ పేర్లు మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు? నాకు బాధ కలిగించే విషయం ఇది.

బొగ్గు దగ్గరికి వెళ్ళడానికి నాకు ప్రయోగశాల ఒక్కటే దారి. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి పెట్టుకోవద్దంది. 2019లో షరతులతో ఆ అడ్డు తొలగించారు. నేను చదువుకున్న రోజుల్లో ఆ మాటే లేదు.

ఉద్యోగంలో మొదట నేర్చుకున్నది శాంపిల్ తీయడం. ఒక రేకులో, అంటే బొగ్గు మోసే ఒక గూడ్సు రైలులో, దాదాపు 4,000 టన్నుల బొగ్గు ఉంటుంది. చివరికి మఫిల్ ఫర్నేసులోకి (మూసి ఉండే చిన్న కొలిమిలోకి) వెళ్ళేది ఒక గ్రాము. 815 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, తేమ తగలని డెసికేటర్ పాత్రలో చల్లార్చి, మిగిలిన బూడిదను తూచాలి. ఆ గ్రాము రేకు మొత్తానికీ సాక్ష్యం చెప్పాలి. కుప్ప పోస్తే పెద్ద పెళ్ళలు అంచులకు దొర్లిపోతాయి, పొడి నడుమ నిలుస్తుంది. అందుకే కుప్పను చదును చేసి నాలుగు భాగాలు చేస్తాం. ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతావి తీసేస్తాం. నలగ్గొట్టి మళ్ళీ కుప్ప పోస్తాం. చేతికి అందిన చోట పార వేస్తే అంకె తప్పుతుంది.

తప్పితే ఏమవుతుందో చూడండి. 2012 దాకా మన దేశంలో ఈ బొగ్గు గ్రేడు కట్టే లెక్క ఇది: బూడిద శాతాన్నీ తేమ శాతాన్నీ కూడి, 138తో హెచ్చవేసి, 8900లోంచి తీసేస్తే కిలో బొగ్గు నుంచి పనికొచ్చే వేడి ఎంతో వస్తుంది; ఆ వేడిని బట్టే గ్రేడు. తేమ 7, బూడిద 35 అయితే 3104 కిలోకేలరీలు, ఎఫ్ గ్రేడు. బూడిద 33 అయితే 3380, దానికన్నా మెరుగైన 'E' గ్రేడు. రెండు శాతం తేడాతో రేకు మొత్తం ధర మారిపోతుంది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఇద్దరూ మన అంకె కోసం చూస్తుంటారు. ఆ అంకెను ఇద్దరూ నమ్మడం కన్నా పెద్ద గుర్తింపు ఈ వృత్తిలో నాకు కనిపించలేదు.

నా పరిశోధన కూడా ఆ బూడిద మీదే. నిజానికి బొగ్గులో బూడిద ఉండదు, ఖనిజాలుంటాయి. కాలినప్పుడు బంకమట్టిలోని నీరు పోతుంది, సున్నపురాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. సింగరేణి బొగ్గు లాంటి మన గోండ్వానా బొగ్గులో ఈ ఖనిజం చాలా సన్నగా, లోలోపలికంటా కలిసిపోయి ఉంటుంది. కడిగితే సులువుగా వదలదు. బాయిలర్ గొట్టాల మీద ఏ బూడిద కరిగి గట్టిపడుతుందో ముందే చెప్పగలగడానికే నా సర్వీసంతా సరిపోయింది.

బ్రిటిష్ శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరు వినగానే డీఎన్ఏ నిర్మాణం గుర్తొస్తుంది. ఆమె 1942లో, 22 ఏళ్ళ వయసులో చేరింది బ్రిటన్‌లోని బొగ్గు వినియోగ పరిశోధన సంఘంలో. బొగ్గు రంధ్రాల్లోకి హీలియం ఎంత వెళ్తుంది, అంతకన్నా పెద్ద అణువులైన మిథనాల్, బెంజీన్ ఎంత వెళ్తాయి అని కొలిచి, రంధ్రాల మూతులు ఇరుకుగా ఉండి అణువులను జల్లెడ పడతాయని తేల్చారు. 1945లో కేంబ్రిడ్జ్ పీహెచ్‌డీ వచ్చింది బొగ్గు మీద చేసిన పరిశోధనకే. వేడిచేస్తే ఏ కర్బనాలు గ్రాఫైటు అవుతాయి, ఏవి కావు అని 1951లో ఆమె చేసిన విభజనను మేం ఇవాళ్టికీ వాడుతున్నాం. 1958లో 37 ఏళ్ళకే పోయారు. లండన్‌లో ఆమె సమాధి రాతి మీద వైరస్‌ల పరిశోధన గురించి ఉంది, బొగ్గు ఊసు లేదు. మన ఆడపిల్లలకు ఆమె కథ చెప్పేటప్పుడు బొగ్గు దగ్గరే మొదలుపెట్టమని టీచర్లకు నా మనవి.

సత్కారంతో వచ్చిన డబ్బుతో బడి ప్రయోగశాలకు ఒక చిన్న మఫిల్ ఫర్నేసు, మిల్లీగ్రాములు తూచే త్రాసు కొనిస్తానని ప్రధానోపాధ్యాయులకు చెప్పాను. ఫర్నేసుకు విడిగా కరెంటు లైను వేయించాలి. మన పాత విద్యార్థుల్లో విద్యుత్ శాఖలో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే బడికి కబురు చేయండి.