సంగీతమా, ఇంజనీరింగా: వెబ్ ఆప్షన్లకు ముందు మా ఇంట్లో జరిగిన చర్చ

మా అక్క కూతురు ఈ వేసవిలో ఇంటర్మీడియట్ ఎంపీసీ పూర్తి చేసింది. ఎంసెట్‌లో (ఆ పరీక్ష ఈఏపీసెట్‌గా మారినా మా ఇంట్లో ఇంకా పాత పేరే నడుస్తోంది) వచ్చిన ర్యాంకు మరీ గొప్పది కాకపోయినా, విశాఖపట్నం చుట్టుపక్కల ఒక మంచి కళాశాలలో ఈసీఈ సీటుకు ఢోకా లేదు. వెబ్ ఆప్షన్ల తేదీలు దగ్గరపడిన సమయంలో ఆ అమ్మాయి తనకు ఇంజనీరింగ్ వద్దని, విజయనగరం వెళ్లి సంగీత కళాశాలలో గాత్రం చదువుకుంటానని చెప్పడంతో ఇల్లు రెండు పక్షాలుగా చీలింది. నేను ఇంజనీరింగ్ కళాశాలలో సిగ్నల్ ప్రాసెసింగ్ (ధ్వని వంటి తరంగాలను విశ్లేషించే విద్య) బోధిస్తాను. చిన్నప్పుడు పట్టిన వయొలిన్‌ను ఇప్పటికీ వదలలేదు. అందువల్ల పంచాయతీ నా దగ్గరికే వచ్చింది.

బావగారి వాదం అందరికీ తెలిసినదే. పాట కూడు పెడుతుందా అన్నది ఆయన ప్రశ్న. మా అమ్మ మాత్రం మనవరాలి పక్షం వహించి, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని సాక్ష్యానికి పిలిచింది. ఆయన అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వల్ల ఆ చదువు మానుకున్న సంగతి నిజమే. అయితే ఆ తరువాత మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజనీరింగ్ కోర్సులో చేరిన సంగతి కూడా అంతే నిజం కాబట్టి, బావగారు అదే సాక్షిని తన వైపు తిప్పుకున్నారు. తెలుగు ఇళ్లలో ఈ తగవు వచ్చిన ప్రతిసారీ బాలుగారు ఇలా రెండు పక్షాల తరఫునా బోనెక్కుతూనే ఉంటారు. కోటికొక్కరికి పట్టిన యోగాన్ని చూపించి మన పిల్లల చదువు నిర్ణయించడం ఏ పక్షానికీ న్యాయం కాదని నా అభిప్రాయం.

నేను వాళ్ల ముందు పెట్టిన ప్రశ్న వేరు. దేని మీద ఇష్టం ఎక్కువ, దేనిలో డబ్బు ఎక్కువ అన్నవి అలా ఉంచి, ఈ రెండు విద్యలలో కళాశాల గోడల మధ్య తప్ప దొరకనిది ఏది, కళాశాలతో పని లేకుండా సాగేది ఏది అని ముందు తేల్చుకోవాలన్నాను. వయసులో నాలుగేళ్లను, ఫీజును ఒక సంస్థ చేతిలో పెడుతున్నప్పుడు, బయట దొరకని విద్య కోసమే పెట్టాలి కదా.

విజయనగరం కళాశాలను తక్కువ చేసి ఈ మాట అనలేదు. 1919లో విజయరామ గజపతిరాజు గారు స్థాపించిన ఆ పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఘంటసాల గారు చదువుకున్నది అక్కడే. ఉత్తరాంధ్రలో కర్ణాటక సంగీతం ఈనాటికీ ఇంత బలంగా ఉందంటే ఆ చావడి చలవే. కానీ ఆ కళాశాలకు వన్నె తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి సంగతే చూడండి. ఆయనకు తొలి గురువు సొంత అన్నగారు. విద్యార్థిగా చేరడానికి వెళితే, వాద్యం విన్న పెద్దలు ఆయనను అధ్యాపకులుగా నియమించారని చెబుతారు. మన సంగీతంలో గురువు ఎదుట కూర్చుని పాఠం పట్టడం, ఇంటికి వచ్చి దానిని నూరుసార్లు పాడుకోవడం అసలు చదువు. కళాశాల దానికి ఒక క్రమాన్ని, శాస్త్ర భాగాన్ని, యోగ్యతాపత్రాన్ని ఇస్తుంది. ఇంటి దగ్గర గురువు దొరకని పిల్లలకు, సంగీత అధ్యాపకులు కావాలనుకునే వారికి, ఆలస్యంగా మొదలుపెట్టిన వారికి నేను సందేహించకుండా విజయనగరమే చెబుతాను. మా అమ్మాయికి ఎనిమిదో ఏటి నుంచి ఒకే గురువు గారు విశాఖలోని ఎంవీపీ కాలనీలో పాఠం చెబుతున్నారు. వర్ణాలు మూడు కాలాలలో (వేగాలలో) పాడుతుంది, అప్పటికప్పుడు సొంతంగా అల్లుకుంటూ పాడే రాగాలాపన, స్వరకల్పన మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పాఠాంతరం (ఆ గురువు గారి బాణీ) వదులుకుని మళ్లీ సిలబస్ ప్రకారం మొదటి సంవత్సరంలో కూర్చోవడం వల్ల ఏమి లాభమో ఆమె కూడా చెప్పలేకపోయింది.

ఇంజనీరింగ్‌లోనే చేరాలన్న నా నిర్ణయానికి అసలు కారణం మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన సంగతి. తోడి రాగ వర్ణం సాధన చేస్తున్న ఆ పిల్ల, గాంధారం (గ స్వరం) దగ్గర ఆగి, ఫోనులో రికార్డు చేసుకుని, నా ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్ తెరిచి, ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం పలికిందో గీతలుగా చూపే స్పెక్ట్రోగ్రామ్ చూపించమంది. ఆమె శ్రుతి అయిదు. అంటే ఆధార షడ్జం (స) దాదాపు 196 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. ఆ లెక్కన సాధారణ గాంధారం 6:5 నిష్పత్తిలో 235 దగ్గర, శుద్ధ మధ్యమం (మ) 4:3 నిష్పత్తిలో 261 దగ్గర ఉండాలి. తెర మీద షడ్జ పంచమాలు (స, ప) గీత గీసినట్టు నిలబడ్డాయి. గాంధారం మాత్రం 235 దగ్గర ఒక్క క్షణం కూడా నిలవకుండా మధ్యమం దాకా ఎగబాకి, కిందికి జారి, మళ్లీ ఎగబాకింది. తోడి గాంధారం ఊగుతుందని పాఠంలో విన్నదే. కంటితో చూడడం అదే మొదటిసారి. ఆ అలను ఇంకాస్త స్పష్టంగా చూద్దామని, ఒక్కోసారి ఎంతసేపటి ధ్వనిని కొలవాలో చెప్పే సెట్టింగును ఆమె పెంచింది. గీత సన్నబడింది కానీ, ఊపు అంతా అలికినట్టు అయిపోయింది. వెనక్కి మారిస్తే ఊపు కనిపించింది, గీత లావెక్కింది. “పిన్నీ, రెండూ ఒకేసారి ఎందుకు కనిపించవు?” అని అడిగింది.

నేను మూడో సంవత్సరం విద్యార్థుల చేత అడిగించాలని ప్రతి ఏటా పాట్లు పడే ప్రశ్న అది. పౌనఃపున్యాన్ని కచ్చితంగా కొలవాలంటే ధ్వనిని ఎక్కువసేపు గమనించాలి. సెకనులో పదో వంతు గమనిస్తే సుమారు 10 హెర్ట్‌జ్ కంటే దగ్గరి తేడాలు విడివిడిగా కనిపించవు. ఎక్కువసేపు గమనిద్దామంటే అంతలో గమకం (స్వరం ఊపు) మరో చోటికి వెళ్లిపోతుంది. గాంధారానికీ మధ్యమానికీ మధ్య ఉన్నదే ఆ 26 హెర్ట్‌జ్. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. గణితంలోనే ఉన్న హద్దు. దీనిని నేను నోటితో చెప్పగలిగాను కానీ, ఎందుకో నిరూపించాలంటే ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసే ఫూరియే పరివర్తన అనే గణితం కావాలి, దానికి ముందు రెండు సెమిస్టర్ల గణితం కావాలి, ఆపైన ప్రయోగశాలలో చెయ్యి తిరగాలి. ఇదంతా ఇంట్లో యూట్యూబు పెట్టుకుని వరస తప్పకుండా నేర్చుకునే పిల్లలు లేకపోలేదు గానీ, నేను చూసినంతలో బహు అరుదు. పరీక్ష భయం, ల్యాబ్ రికార్డు, పక్క బెంచీ వాళ్ల పోటీ లేకుండా ఆ చదువు నూటికి తొంభై మందికి సగంలోనే ఆగిపోతుంది.

సంగీతాన్ని శాస్త్రంతో పరిశీలించే ఈ దారిలో ముందు నడిచినవారు మన ఊరి గాలి పీల్చినవారే. సి.వి.రామన్ గారి తండ్రి ఇక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకులు, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. రామన్ గారి బాల్యం, మెట్రిక్యులేషన్ విశాఖపట్నంలోనే గడిచాయి. 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరిన ఆయన, 1917లో ప్రొఫెసరు అయ్యేదాకా ఆఫీసు వేళలకు ముందూ వెనుకా కలకత్తా ప్రయోగశాలలో పని చేశారు. వయొలిన్ తీగ మీద కమాను నడిచినప్పుడు తీగ ఎలా కదులుతుందో అధ్యయనం చేశారు. మామూలు చర్మవాద్యం నుంచి వచ్చే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు; మృదంగం మూత మధ్యలో పట్టించే కరణి అనే నల్లటి ముద్ద వల్లనే అవి పూర్ణాంక నిష్పత్తులలోకి వచ్చి వాద్యం శ్రుతిలో పలుకుతుందని 1920లో ప్రకటించిన పరిశోధన ఆయనదే. మన కాలానికి వస్తే, ఇప్పుడు ప్రతి సినిమా పాట మీదా చేయి చేసుకునే, తప్పిన శ్రుతిని సరిదిద్దే ఆటోట్యూన్‌ను 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు అన్వేషణ కోసం భూగర్భ తరంగాలను విశ్లేషించిన ఇంజనీరు, పైగా ఫ్లూటు వాద్యకారుడు. ఆ పరికరం వల్ల గాయకులకు జరిగిన మేలు మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, అది వేరే చర్చ.

ఇంతవరకు చెప్పినది వింటే నేను బావగారి పక్షమే అనిపించవచ్చు. ఆయన కూడా అలాగే సంతోషించారు. అయితే ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లల పాట ఎలా ఆగిపోతుందో నాకు బాగా తెలుసు. ఇంటర్ రెండేళ్లు ఈ అమ్మాయిని తెల్లవారకముందే బస్సెక్కించి, చీకటి పడ్డాక ఇంటికి చేర్చిన కార్పొరేట్ కళాశాల, ఆదివారాలు కూడా పరీక్షలు పెట్టి, పాఠానికి వెళ్తామంటే సెలవు ఇవ్వకుండా విసిగించింది. ఆ రెండేళ్లలో పైస్థాయి పంచమం దగ్గర గొంతు బిగుసుకుపోయింది. అది సర్దుకోవడానికి ఈ వేసవి అంతా తెల్లవారుజామున మంద్రస్థాయి సాధన చేయవలసి వచ్చింది. ఆ చదువుకు కొనసాగింపుగా హాస్టల్లో పడేస్తే నలుగురు నిద్రపోతున్న గదిలో అయిదు గంటలకు ఎవరు అకారసాధన చేయనిస్తారు? పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా గొంతు ఇంకా కుదురుకుంటూ ఉండే వయసు. కోడింగ్ ముప్పైలో కూడా నేర్చుకోవచ్చు.

అందుకని బావగారికి రుచించని షరతు ఒకటి పెట్టాను. బ్రాంచి కంటే, కళాశాలకు ఉన్న పేరు కంటే, ఎంవీపీ కాలనీ నుంచి ఎంత దూరమన్నది ముందు చూడాలి. సాయంత్రం అయిదున్నరకల్లా గురువు గారి ఇంటికి చేర్చలేని కళాశాల సీఎస్‌ఈ ఇచ్చినా జాబితాలో కిందికే పోవాలి. దగ్గరి కళాశాలలో ఈసీఈ దొరకకపోతే ట్రిపులీ (ఎలక్ట్రికల్ బ్రాంచి) తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు; సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అక్కడా చెబుతారు. నలభై కిలోమీటర్ల అవతలి క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్లు బాగుంటాయని బావగారు రెండు రోజులు పోరాడారు. పోను రాను బస్సులోనే మూడు గంటలు పోతే ఆ మూడు గంటలు సాధనలోంచే కోసుకోవాలని అక్క లెక్క వేసి చూపించాక తగ్గారు.

సంగీతం పట్టా కావాలంటే దానికి తలుపులు మూసుకుపోలేదు. వేళలు ఒకదానికొకటి అడ్డురాకుండా ఉంటే రెండు కోర్సులు ఒకేసారి చదువుకోవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. బీటెక్ మధ్యలో అంత బరువు పెట్టకపోవడమే మంచిదని నా సలహా. బీటెక్ అయ్యాక ఆంధ్ర విశ్వవిద్యాలయం సంగీత విభాగంలో ఎంఏ గురించి ఆలోచించవచ్చు. అంతకంటే ముందు ఆకాశవాణి ఆడిషన్‌కు సిద్ధం కావాలి. తెలియనివారి చెవికి పాడి గ్రేడు తెచ్చుకోవడం ఎంత కష్టమో ఒకసారి చూస్తే, విద్యలో తాను ఎక్కడ ఉన్నదీ ఆమెకే తెలుస్తుంది.

సంపాదన మాట దాటవేయలేను. ఊళ్లో కచేరీకి ఇచ్చే సంభావనలో పక్కవాద్యాల వారికి, ఆటోలకు పోగా గాయనికి మిగిలేది స్వల్పం. సంగీతంతో స్థిరంగా బతుకుతున్నవారిలో చాలామంది పాఠాలు చెప్పి బతుకుతున్నవారే. అమెరికా తెలుగు పిల్లల వేళలకు అనుగుణంగా తెల్లవారుజామునే జూమ్ తెరిచే టీచర్లు మా వీధిలోనే ఉన్నారు. గౌరవమైన వృత్తే, కానీ తన సాధనకు పనికివచ్చే వేళ కాస్తా అందులోనే ఖర్చయిపోతుంది.

చివరికి అమ్మాయి ఒప్పుకున్నది నా వాదానికి కాదు, వాళ్ల గురువు గారి మాటకు. ఆప్షన్లలో మొదటి మూడూ ఇంటి నుంచి సిటీ బస్సులో వెళ్లిరాగల కళాశాలలే పెట్టాం. ఉదయం పూట రెండు గంటలసేపు చేసే సాధనను సెమిస్టర్ పరీక్షల్లో కూడా ఎవరూ ఆపకూడదని ఆమె, ఏ సబ్జెక్టూ మిగుల్చుకోకూడదని బావగారు మాట పుచ్చుకున్నారు. మూడో సంవత్సరం వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం బెంగళూరు వెళ్లవలసి వస్తే పాఠం సంగతి ఏమిటన్నది మాత్రం తేలలేదు. ఆన్‌లైన్‌లో చెప్పడానికి గురువు గారు ససేమిరా అంటున్నారు.