ఐదు నిధుల కొండ ముందు

నవంబరులో అమ్మను డార్జిలింగ్ తీసుకెళ్లాను. తెల్లవారుజామున మూడున్నరకే జీపెక్కినా, ఘూమ్ ఊరు దాటి, సూర్యోదయం చూసే టైగర్ హిల్ చేరేసరికి అప్పటికే బోలెడు జనం. ఫ్లాస్కులతో కాఫీ అమ్మే ఆడవాళ్లు వాళ్ల మధ్యే తిరుగుతున్నారు. మబ్బు పడితే ఏమీ కనిపించదని హోటల్లో చెప్పడంతో నాకు ఒకటే టెన్షన్.

ఇంకా సూర్యుడు రాకముందే ఉత్తరాన కాంచనజంగ కొన ఎర్రబడింది. ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతూ బంగారు రంగైంది. అమ్మ చేతులు జోడించి, "కాంచనమంటే బంగారమే కదే, ఎంత సరైన పేరు పెట్టారో!" అంది. చిన్నప్పటి నుంచి నేనూ అదే అనుకున్నాను.

మా డ్రైవర్ హిందీలో చెప్పాడు, అది టిబెటన్ మాటట. కాంగ్ అంటే మంచు, చెన్ అంటే పెద్ద, జో అంటే నిధి, ఙ అంటే ఐదు. మహా మంచులోని ఐదు నిధులు. మనం అక్షరమాలలో నేర్చుకుని మళ్లీ దాదాపు ఎక్కడా వాడని ఆ 'ఙ' ఇక్కడ ఒక కొండ పేరులో కూర్చుని ఉంది! సిక్కిం వాళ్లకు ఈ కొండ దైవం. 1955లో మొదటిసారి ఎక్కిన బ్రిటిష్ పర్వతారోహకులు బ్రౌన్, బ్యాండ్ సిక్కిం వాళ్లకు ఇచ్చిన మాట ప్రకారం శిఖరానికి కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు. 8,586 మీటర్ల కొండ ఎక్కి ఆ చివరి అడుగులు వదులుకోవడం! ఆ మర్యాద నాకెంతో నచ్చింది.

తర్వాత డ్రైవర్ వాయవ్యంగా చూపించాడు. పెద్దగా కనిపించేది మకాలు శిఖరం, దగ్గరగా ఉంది కాబట్టి. దాని పక్కన చిన్నగా ఉన్నదే ఎవరెస్ట్. 1847లో సర్వే అధికారి ఆండ్రూ వా డార్జిలింగ్ వైపు నుంచే దాన్ని కొలిచాడు. ఎత్తు లెక్క కట్టింది బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్. స్థానిక పేరేదీ తేలలేదంటూ 1856లో ఆండ్రూ వా తన ముందు అధికారి జార్జ్ ఎవరెస్ట్ పేరు ప్రతిపాదించాడు. కృష్ణా గోదావరుల మధ్య మన అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచాన పడ్డాడే, ఆయనే. తన పేరు ఇక్కడివాళ్లకు పలకదని ఆయనే వద్దన్నాడు. అయినా 1865లో అదే ఖాయం చేశారు. టిబెట్ వాళ్లు అప్పటికే చోమోలుంగ్మా అని పిలుచుకుంటున్న కొండ అది. నాకు నిజంగా బాధేసింది.

చోమో అంటే దేవత అని అమ్మకు చెప్పాను. "ఆ అమ్మవారి పేరు ఇంకోసారి చెప్పించవే" అంది. డ్రైవర్ విడివిడిగా పలికాడు. ఘూమ్ వచ్చేదాకా అమ్మ దాన్ని నెమ్మదిగా పలుకుతూనే ఉంది.