ఒకే షాఫ్టుకు రెండు రకాల బేరింగులు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు డ్రయ్యర్ బ్లోవర్ డ్రాయింగు పంపగానే అక్కడి ఫిట్టరు ఫోన్ చేశారు. "మేడమ్, పుల్లీ వైపు ఒక నంబరు, ఫ్యాను వైపు ఇంకో నంబరు రాశారు. రెండువైపులా ఒకటే ఇస్తే స్పేరు ఒకటే కొనిపెట్టుకుంటాం." సీజన్లో బేరింగు పోతే ఎంత ఇబ్బందో ఆయనకు తెలుసు కాబట్టి ఆ అడగడంలో న్యాయముంది. అయినా నేను మార్చలేదు.

మోటారు 15 కిలోవాట్లు, 1440 ఆర్పీఎం. ఫ్యానుదీ అదే వేగం. 200 మి.మీ. పుల్లీ కాబట్టి బెల్టు లాగుడు సుమారు ఒక కిలోన్యూటన్. వీ-బెల్టు జారకుండా బిగించాలి గనక షాఫ్టు మీద పడేది దానికి రెండున్నర రెట్లు పట్టుకుంటాను. బేరింగుల మధ్య దూరం 500. పుల్లీ ఒకవైపు 200, 60 కిలోల ఇంపెల్లరు రెండోవైపు 250 బయటికి వేలాడుతున్నాయి. లెక్క వేస్తే పుల్లీ వైపు బేరింగు మీద 3.5 కిలోన్యూటన్లు, ఫ్యాను వైపు 1.35 మాత్రమే.

చాలామంది వేసే 1210కె సెల్ఫ్ అలైనింగ్ (షాఫ్టు కాస్త వంగినా సర్దుకునే) బాల్ బేరింగు సామర్థ్యం సుమారు 25 కిలోన్యూటన్లు. 25ని 3.5తో భాగించి ఘనం చేస్తే 364. ఆ లెక్క పది లక్షల చుట్లలో వస్తుంది, అంటే 36 కోట్ల 40 లక్షల చుట్లు. గంటకు 86,400 చుట్లు తిరిగే షాఫ్టుకు అది 4,200 గంటలు. రాత్రింబవళ్లు నడిస్తే ఆరు నెలలు కూడా రాదు. అదీ నూటికి తొంభై నిలబడతాయన్న లెక్కే, మిగతా పది ఇంకా ముందే పోవచ్చు. అందుకే పుల్లీ వైపు గుండ్లకు బదులు పీపా ఆకారపు రోలర్లుండే 22210కె స్ఫెరికల్ రోలరు బేరింగు ఇచ్చాను. దాని సామర్థ్యం 100 దాకా ఉంటుంది.

మరి ఫ్యాను వైపూ అదే వేస్తే? రోలరుకు కనీస లోడు కావాలి, సామర్థ్యంలో 2 శాతమైనా. 1.35 దానికి చాలదు. లోడు చాలని రోలరు దొర్లకుండా జారుతుంది, గ్రీజు పొర తెగి ట్రాకు అరిగిపోతుంది. "పెద్దది వేస్తే సేఫు" అన్న మాట నేను ఒప్పుకోనిది ఇందుకే. అక్కడ 1210కె లెక్క ప్రకారం 70,000 గంటలు దాటుతుంది.

రెండింటి బయటి వ్యాసం 90. 45 మి.మీ. షాఫ్టు మీద ఎస్.ఎన్. 510 ప్లమ్మర్ బ్లాకులోనే (బేరింగును పట్టి ఉంచే దిమ్మెలోనే) రెండూ కూర్చుంటాయి. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య వేసే స్లీవులే వేరు: 1210కెకి హెచ్ 210, 22210కెకి హెచ్ 310. ఆ మాట చెప్పాక ఫిట్టరు ఒప్పుకున్నారు.

బిగింపు సంగతి ఆయనకు మరీ మరీ చెప్పాను. బేరింగు పక్కకు జరగకుండా ఆపే లొకేటింగ్ రింగులు పుల్లీ వైపు బ్లాకులోనే వేయాలి. ఫ్యాను వైపూ వేస్తే వేడెక్కిన షాఫ్టు సాగడానికి చోటుండదు. 500 మి.మీ. పొడవు 50 డిగ్రీలు వేడెక్కితే 0.3 మి.మీ. పెరుగుతుంది. ఆ ఒత్తిడంతా బేరింగుల మీదే పడుతుంది. నేను విప్పి చూసిన బ్లాకుల్లో రెండువైపులా రింగులున్నవి తక్కువేమీ కాదు.

బేరింగును స్లీవు మీద బిగించే లాక్ నట్టును ఉలీ సుత్తీ పెట్టి కదలనంతవరకు కొట్టడం ఇంకో అలవాటు. 22210కె బిగించే ముందు ఫీలర్ గేజితో (సందులు కొలిచే పల్చటి రేకులతో) పైరోలరు దగ్గర క్లియరెన్సు, అంటే రోలరుకూ బయటి రింగుకూ మధ్య సందు, కొలవాలి. నట్టు బిగిస్తుంటే అది మొదటి కొలత కంటే 0.025 నుంచి 0.030 మి.మీ. తగ్గగానే ఆపాలి. ఇప్పుడు ఆ అంకెను డ్రాయింగులో బేరింగు నంబరు పక్కనే రాస్తున్నాను.