మాటలు వేరు, ఇల్లు ఒకటి

జనం బిభ్రతీ బహుధా వివాచసం
నానాధర్మాణం పృథివీ యథౌకసమ్ ।
సహస్రం ధారా ద్రవిణస్య మే దుహాం
ధ్రువేవ ధేనురనపస్ఫురంతీ ॥

అథర్వవేదం పన్నెండో కాండలో మొదటిది భూమి సూక్తం. మొత్తం 63 మంత్రాలు, వాటిలో ఇది 45వది. రకరకాల మాటలు మాట్లాడే జనాన్ని, వేరువేరు ధర్మాలు పాటించేవాళ్లని, అందరూ ఒక ఇంటివాళ్లే అన్నట్టు మోస్తోంది ఈ భూమి. కాలు ఝాడించకుండా, కదలకుండా నిలబడి పాలిచ్చే ఆవులా ఆమె నాకు వేయి ధారలుగా సంపదనివ్వాలి. స్థూలంగా అర్థం ఇదే.

సభల్లో ఈ మంత్రం చదివి వెంటనే "కాబట్టి మనమంతా ఒక్కటే" అనేస్తుంటారు. నాకు అది కాస్త తొందరపాటుగా అనిపిస్తుంది. ఋషి ఆ మాట అనలేదు. మాటలు వేరన్నాడు, ధర్మాలు వేరన్నాడు. ఒకటన్నది ఇంటిని మాత్రమే. ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా అని ఎవరి గదిలోకి పడితే వాళ్ల గదిలోకి తలుపు తోసుకుని వెళ్లిపోం.

ఆదివాసుల కళ దూరదేశాల మధ్య వంతెన అని విన్నప్పుడల్లా నాకు ఈ మంత్రమే గుర్తొస్తుంది. వంతెన అన్నది నిజమే. అయితే ఆ గీతలు ముందుగా మన కోసం గీసినవి కావు. నేలతో, దేవతలతో, పోయిన పెద్దలతో మాట్లాడడానికి గీసినవి. మనం పక్కన నిలబడి వింటున్నవాళ్లం.

పసిఫిక్ మహాసముద్రంలో వనువాటు అనే దీవుల దేశం ఉంది. అక్కడ ఇసుకలోనో, బూడిదలోనో, మెత్తటి మట్టిలోనో ముందు గళ్లు గీసుకుని, వాటి మీదుగా ఒక్క వేలితో, ఎక్కడా ఎత్తకుండా, మెలికలు తిప్పుతూ బొమ్మ పూర్తి చేస్తారు. 2003లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా ప్రకటించింది. మధ్య, ఉత్తర దీవుల్లో 80 దాకా భాషా సమూహాలు ఉన్నాయి. ఒకరి భాష ఇంకొకరికి రాని చోట ఈ ఇసుక గీత మాటగా పనికొచ్చింది. పూజకీ, కథకీ, వంశ చరిత్ర గుర్తుపెట్టుకోవడానికీ అదే గీత. 'బహుధా వివాచసం' అన్న మాటకి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు కనపడలేదు.

మహారాష్ట్రలో, పాల్ఘర్ జిల్లా వైపు ఉండే వార్లీ ఆదివాసుల బొమ్మలు ఇప్పుడు చాలామందికి తెలుసు. చీరల మీద, కప్పుల మీద, ఆఫీసు గోడల మీద ఎక్కడ చూసినా త్రికోణాల మనుషులు చేతులు పట్టుకుని ఆడుతుంటారు. కానీ ఆ బొమ్మ పుట్టిన చోటు పెళ్లి ఇల్లు. గుడిసె లోపలి గోడని అలికి, ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, వెదురుపుల్ల చివర నమిలి కుంచెలా చేసుకుని 'చౌక్' గీస్తారు. చౌక్ అంటే చతురస్రం. మధ్యలో పాలఘాట్ దేవత ఉంటుంది. చెట్టు చిగురించడం, పంట పండడం, కడుపు పండడం అన్నీ ఆ తల్లి చలవే. గీసేది ముత్తైదువలు. ధవలేరి అని పిలిచే పూజారిణి పాట పాడుతూ పెళ్లి తంతు నడిపిస్తుంది. పురోహితం ఆడవాళ్ల చేతిలో ఉందన్న సంగతి విని నేను కాసేపు ఆగిపోయాను. చౌక్ లేకుండా అక్కడ పెళ్లి లేదు. అది అలంకారం కోసం కాదు. దేవతని ఇంట్లోకి పిలిచి, కూర్చోమని వేసిన పీట.

ఆ బొమ్మని కాగితం మీదకి తెచ్చినవాళ్లలో పెద్ద పేరు జివ్యా సోమా మాషే. చిన్నప్పుడే తల్లి పోయింది. ఆ దెబ్బకి చాలాకాలం మాట్లాడడం మానేసి, దుమ్ములో బొమ్మలు గీసే ఏం కావాలో చెప్పేవాడట. ఆడవాళ్లు పెళ్లికి మాత్రమే గీసే బొమ్మల్ని ఆయన 1970లలో రోజూ గీయడం మొదలుపెట్టాడు. చేపలవల, కోతలు, తార్పా బూర ఊదేవాడి చుట్టూ తిరిగే నాట్యం. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2018లో పోయాడు. 2003లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో ఆయన బొమ్మల్నీ, ఇంగ్లండ్ కళాకారుడు రిచర్డ్ లాంగ్ పనుల్నీ పక్కపక్కన పెట్టి ప్రదర్శన చేశారు. లాంగ్ పని నడక. పొలాల్లో, ఎడారుల్లో నడిచి నడిచి నేల మీద గీత పడేలా చేస్తాడు, రాళ్లతో వృత్తాలు పేరుస్తాడు, బురదని చేత్తో గోడకి పూస్తాడు. ఇద్దరిదీ మట్టితో పని, ఇద్దరిలోనూ వృత్తాలు. కానీ ఒకరి వృత్తంలో పూనకం, పాట, ఊరు ఉన్నాయి. ఇంకొకరి వృత్తంలో ఒంటరిగా నడిచిన మనిషి ఉన్నాడు. ఆ తేడా చెరిగిపోకుండా ఉండబట్టే ఆ రెండూ ఒక కప్పు కింద ఇమిడాయని నా నమ్మకం.

అదే లాంగ్ పని 1989లో పారిస్‌లోనూ ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వందమందికి పైగా కళాకారుల పనుల్ని ఒకచోట చేర్చిన పెద్ద ప్రదర్శన అది. ఆస్ట్రేలియా ఎడారిలోని యుఎండుము నుంచి వచ్చిన వార్ల్‌పిరి పెద్దలు నేల మీద తమ బొమ్మ వేస్తే, వెనక గోడ మీద లాంగ్ బురద వృత్తం ఉంది. (వార్లీ, వార్ల్‌పిరి పేర్లు దగ్గరగా వినిపించడం యాదృచ్ఛికమే, చుట్టరికం కలపకండి.) లాంగ్ పని పైన, ఆదివాసులది కింద పెట్టారని కొందరు విమర్శకులు నొచ్చుకున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. అయినా నేల మీద ఉండడం తక్కువన్న లెక్క ఎవరిది? వార్ల్‌పిరి పెద్దలకి ఆ బొమ్మ ఉండాల్సిన చోటే అది. మనమే తల ఎత్తి చూడడానికి అలవాటు పడ్డాం.

ఇక భూమి సూక్తంలోనే ఇంకో మంత్రం దగ్గరికి వెళ్లాలి. 35వది.

యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు ।
మా తే మర్మ విమృగ్వరి మా తే హృదయమర్పిపమ్ ॥

అమ్మా భూమీ, నీలో నేను ఏది తవ్వినా అది తొందరగా మళ్లీ మొలకెత్తాలి. పవిత్రం చేసే తల్లీ, నీ మర్మస్థానానికి దెబ్బ తగలకూడదు, నీ గుండెకి నా వల్ల గాయం కాకూడదు. తవ్వకుండా బతకలేమని ఋషికి తెలుసు. అందుకే తవ్వను అనలేదు. తవ్వే ముందు భయపడ్డాడు.

ఈ భయం లేనివాళ్లకి బొమ్మతో జవాబు చెప్పినవాళ్లు యోలంగు జనం. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో, ఆర్నెమ్ ల్యాండ్‌లోని యిర్కాలా వాళ్లది. 1963లో ఆస్ట్రేలియా ప్రభుత్వం బాక్సైట్ గని కోసం వాళ్ల ప్రాంతంలోంచి 300 చదరపు కిలోమీటర్లకి పైగా భూమిని తీసేసుకుంది. వాళ్లని ఒక్క మాట అడగలేదు. ఆ ఆగస్టులో యోలంగు పెద్దలు పార్లమెంటుకి అర్జీ పంపారు. తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ టైపు చేసిన కాగితాన్ని చెట్టు బెరడు మీద అంటించి, చుట్టూ తమ వంశాల బొమ్మలు వేశారు. వాళ్ల సమాజం ధువా, యిరిట్జా అని రెండు సగాలు. ఒక బెరడు మీద ధువా గీతలు, ఇంకోదాని మీద యిరిట్జా గీతలు.

కాగితం ఒక్కటీ పంపితే సరిపోయేది కదా, బొమ్మలెందుకు? ఎందుకంటే వాళ్ల దృష్టిలో ఆ బొమ్మలే పట్టాలు. ఏ నేల ఏ వంశానిదో, ఏ పూర్వీకుడు ఎక్కడ నడిచి ఏ గుర్తు వదిలాడో చెప్పేవి ఆ గీతలే. కాగితం మీది అక్షరాలు అవతలివాళ్లకి అర్థం కావడానికి, చుట్టూ ఉన్న గీతలు మాట నిజమని సాక్ష్యం పలకడానికి. పార్లమెంటు ఒక కమిటీ వేసింది. నష్టపరిహారం ఇవ్వాలనీ, పవిత్ర స్థలాలని కాపాడాలనీ ఆ కమిటీ చెప్పింది. గని మాత్రం ఆగలేదు. తర్వాత కోర్టుకి వెళ్తే, 1971లో తీర్పు వాళ్లకి వ్యతిరేకంగా వచ్చింది. వాళ్లకి చక్కటి ధర్మశాస్త్రం ఉందని జడ్జి ఒప్పుకున్నాడు, కానీ అది భూమి హక్కుగా చెల్లదన్నాడు. 1976లో ఆ ఉత్తర ప్రాంతంలో ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే ఈ బెరడు దగ్గరే తేలుతుంది. ఆ బెరళ్లు ఇప్పుడు కాన్‌బెర్రాలో, పార్లమెంటు భవనంలోనే ఉన్నాయి.

అదే యిర్కాలాలో, అదే కాలంలో ఇంకోటి జరిగింది. అక్కడి క్రైస్తవ మిషన్ చర్చిలో పెట్టడానికి యోలంగు పెద్దలు 12 అడుగుల ఎత్తు పలకలు రెండు చిత్రించారు. ఒకటి ధువా వాళ్లది, ఒకటి యిరిట్జా వాళ్లది. సృష్టి కథలు, పూర్వీకుల ప్రయాణాలు. బలిపీఠానికి అటొకటి ఇటొకటి నిలబెట్టారు. మీ దేవుడు ఇక్కడికి వస్తే రానివ్వండి, ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు వీళ్లు అని పరిచయం చేసినట్టు. ఎంత మర్యాద! పదేళ్లు గడిచాక, 1974లో, వాటిని చర్చి బయట పడేశారు. 1978లో ఊళ్లోని కళాకేంద్రం వాటిని తెచ్చి భద్రం చేసుకుంది. వంతెన ఒకవైపు నుంచి కట్టినా, రెండోవైపు వాళ్లు కూలగొట్టగలరు.

నవాహోల సంగతి ఇంకో రకం. అమెరికా నైరుతి ఎడారుల్లో జబ్బుపడ్డ మనిషి కోసం 'హతాలీ' అనే గాయక వైద్యుడు గుడిసె నేల మీద రంగు ఇసుకతో దేవతల బొమ్మలు వేస్తాడు. చుట్టూ మూడువైపులా ఇంద్రధనుస్సు కాపలా, తూర్పు మాత్రం తెరిచి ఉంటుంది. దేవతలు వచ్చిపోయే చోటు అని ఆ బొమ్మకి పేరు. రోగిని దాని మీదే కూర్చోబెట్టి, దేవత ఒంటి మీది ఇసుకని రోగి ఒంటికి అద్దుతారు. పని అయ్యాక ఆ రోజే చెరిపేస్తారు. ఉంచుకోవడం ప్రమాదం. 1919 ప్రాంతంలో హోస్టీన్ క్లా అనే హతాలీ ఆ బొమ్మల్ని నేతలో దింపడం మొదలుపెట్టాడు. క్లా అంటే ఎడమచేతివాటం వాడు. చెరిపేయాల్సిన బొమ్మని నిలిపి ఉంచినందుకు కీడు తప్పదని ఊళ్లో చాలామంది భయపడ్డారు. తన తరంతో ఆ విద్య పోతుందేమోనని ఆయన బెంగ. ఎవరిది తప్పు అని నన్నడిగితే చెప్పలేను. తర్వాత అమ్మకానికి ఇసుక బొమ్మలు చేసినవాళ్లు మాత్రం ఒక తెలివైన దారి వెతికారు. కావాలనే ఒక రంగు మార్చడం, ఒక గుర్తు వదిలేయడం. కొన్నవాడికి అందం దక్కుతుంది, దేవత రాదు. గదిలో ఏముందో అతిథికి చూపించి, తాళం చెవి మాత్రం కొంగున ముడేసుకున్నట్టు.

మళ్లీ వనువాటుకి వస్తాను. అక్కడ మలెకులా దీవిలో ఒక నమ్మకం ఉండేది. చనిపోయినవాళ్లు పరలోకానికి నడిచి వెళ్తుంటే దారిలో ఒక భూతం కూర్చుని ఉంటుంది. తన ముందు ఇసుకలో ఒక బొమ్మ గీసి ఉంచుతుంది. మనిషి దగ్గరకి రాగానే సగం చెరిపేస్తుంది. మిగతా సగం పూర్తి చేయగలిగినవాడికి ఆ బొమ్మ మధ్యలోంచే దారి దొరుకుతుంది. చేతకానివాణ్ని భూతం తినేస్తుంది. బతికున్నప్పుడు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నవాడికే ఆ చెరిగిపోయిన సగం ఎలా తిరుగుతుందో వేలికి తెలుస్తుంది.

ఈ నమ్మకం గురించి చదివిన రాత్రి నేను కాగితం మీద చుక్కలు పెట్టుకుని, చేయి ఎత్తకుండా ఆ బొమ్మల్లో ఒకటి గీయాలని చూశాను. మూడో మలుపు దగ్గరే ఆగిపోయాను.