ఒక్కో లేసు పువ్వుకు ఒక్కో పేరు

మొన్న శుక్రవారం నరసాపురంలో మా క్రైస్తవ సంఘపు ఉపవాస కూడిక ముగిశాక, గల్ఫ్‌లో పనిచేస్తున్న మా తమ్ముడి కోసం ప్రార్థించమని అడగడానికి సంఘంలోని ఒక పెద్దమ్మగారి ఇంటికి వెళ్లాను. ఆమె అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. నా మాట విని, సూది ఆపకుండానే, "వాడు విమానం ఎక్కిన రోజు నుంచీ వాడి పేరు నా దగ్గర ఉందమ్మా" అన్నారు. ఒక్కో పువ్వు అల్లేటప్పుడు సంఘంలో ఒక్కొక్కరి పేరు దేవుని ఎదుట పెడతారట, మధ్యలో దారం తెగితే ముడివేసి మళ్లీ అదే పేరుతో మొదలుపెడతారట.

ఇన్నేళ్లుగా నేను మాత్రం "అందరినీ దీవించు ప్రభువా" అన్న ఒక్క మాటతో ముగించేదాన్ని. బైబిల్లోని కొలొస్సయుల పత్రిక 4వ అధ్యాయం 12వ వచనంలో, ఎపఫ్రా తన ఊరి విశ్వాసుల కోసం ప్రార్థనలో పోరాడుతున్నాడని పౌలు రాశాడు. ఎన్నోసార్లు చదివిన ఆ మాట నాకు ఆ అరుగు మీదే అర్థమైంది. 1836లో బౌడెన్, బీర్ మిషనరీ దంపతులు ఇంగ్లండు నుంచి ఓడెక్కి ఈ గోదావరి డెల్టాకు వచ్చిన కథను మా సంఘాల్లో గౌరవంగా చెప్పుకుంటాం, అది సబబే. కానీ సంఘాన్ని నిలబెడుతున్న ఇలాంటి చేతుల గురించి ఎవరూ చెప్పరు.

ఆ రాత్రి నోటుపుస్తకంలో పదకొండు పేర్లు రాసుకున్నాను. మొదటిది ఆమెదే. వచ్చే మంగళవారం ఆమెకు కంటి శుక్లం ఆపరేషన్ ఉంది.