మూటలు మోసినవాళ్లు

సూడాన్ చరిత్ర చదువుతుంటే రాత్రి రెండు దాటింది. నిద్ర పట్టలేదు. 1881లో నైలు నదిలోని అబా దీవిలో ముహమ్మద్ అహ్మద్ తానే మహ్దీనని, అంటే ముస్లింలు ఎదురుచూసే రక్షకుణ్ణని, ప్రకటించాడు. అప్పట్లో సూడాన్‌ని ఏలుతున్న ఈజిప్టు పన్నులకు నలిగిపోయిన జనం ఆయన వెంట నడిచారు. 1885 జనవరి 26న రాజధాని ఖార్టూమ్ ఆయన సేనల వశమైంది. దక్షిణాన ఈక్వటోరియా అనే రాష్ట్రంలో ఎమిన్ పాషా చిక్కుకుపోయాడు. ఈజిప్టు తరఫున అక్కడి గవర్నరే కానీ, పక్షుల్ని, మొక్కల్ని సేకరించే డాక్టరు కూడా.

ఆయన్ని కాపాడతానని 1887లో అన్వేషకుడు స్టాన్లీ కాంగో నది మీదుగా ఇటూరి అడవిలోకి వెళ్లాడు. దారి పొడవునా మూటలు మోసిన, తూర్పు ఆఫ్రికా దీవి జాంజిబార్ మనుషులు ఆకలితో, జ్వరాలతో వందల్లో చనిపోయారు. తీరా చేరాక, ఎమిన్‌కి అక్కణ్ణుంచి రావడానికే మనసొప్పలేదు!

నా మనసంతా ఆ కూలీల దగ్గరే ఆగిపోయింది. వాళ్లలో ఒక్కరి పేరైనా కనిపిస్తుందేమోనని పొద్దున్నే మళ్లీ ఆ పేజీలు తిప్పాను.